తేటనీళ్లు

శనివారం పొద్దున్న సుందరరావు జువాలజీ ల్యాబు తలుపు తోసేసరికి తొట్టిలో చేపలన్నీ చచ్చి తేలుతున్నాయి.

అతని చేతిలో సైకిలు తాళంచెవి అలాగే ఉండిపోయింది. నల్లచారల చేపలు పొట్టలు పైకి తిప్పి ఒక మూలకి చేరాయి. సముద్రపు గుర్రాలు రెండూ తోకలతో రాతిని చుట్టుకునే ఉన్నాయి గాని తలలు వాలిపోయాయి. శంఖంలో కాపురం ఉండే పీత శంఖాన్ని వదిలి బయటికొచ్చి చచ్చింది. దాని మెత్తటి ఒళ్ళు చూడటం అతనికదే మొదలు. ఎంత బాధ పడితే ఆ పీత ఇల్లు విడుస్తుందో అతనికి తెలుసు.

చేపలకంటే నీళ్ళని చూసి ఎక్కువ భయం వేసింది. నిన్న సాయంత్రం బియ్యం కడుగులా మసగ్గా ఉన్న నీళ్ళు, ఇవాళ తొట్టిలో ఉన్నాయా లేవా అన్నంత తేటగా ఉన్నాయి. వెనక గోడకున్న కప్ప పటం మీద సన్నటి అక్షరాలు కూడా నీళ్ళలోంచి చదువుకోవచ్చు.

గాలిపంపు తుమ్మెదలా రొద పెడుతూనే ఉంది. మద్రాసు నుంచి తెప్పించిన పంపు అది. దాని బుడగలు గొట్టంలోంచి నీటిని పైకి తోసి, తొట్టి మీద బల్లకెక్కించిన మట్టి గోళెంలో పోస్తాయి. గోళెంలో పైన కొబ్బరిపీచు, దాని కింద గోదావరి ఇసుక, ఆ కింద చిప్పబొగ్గు, అట్టడుగున ఆల్చిప్పల ముక్కలు. అన్నిటినీ దాటుకుని నీళ్ళు అడుగు కంతలోంచి మళ్ళీ తొట్టిలోకి ధారకడతాయి. పీచులోని రంగు దిగేదాకా దాన్ని నానబెట్టి, ఉడకబెట్టి, పిండి, మళ్ళీ నానబెట్టిన చేతులు సుందరరావువి. ఈ పొద్దున ఆ ధార సన్నగా, బొట్లు బొట్లుగా పడుతోంది. గోళెం ఎక్కడో పూడుకుపోయింది.

వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. ఉప్పగానే ఉంది. చివర్న కాస్త వగరు తగిలింది. పీచు వగరై ఉంటుందనుకున్నాడు.

"సారండీ, కరెంటు పోలేదండి" అన్నాడు వెనకనుంచి అటెండరు నూకరాజు. ఓడలరేవు వెళ్ళి డ్రమ్ములతో సముద్రపు నీళ్ళు తెచ్చేది అతనే. "రాత్రంతా ఫ్యానేసుకునే పడుకున్నాను. ఆయ్. ఫ్యానాగితే దోమలు నన్ను లేపెయ్యవాండి?"

"నిన్న నువ్వు తాళం వేసేటప్పుడు బానే ఉన్నాయా?"

"గంతులేస్తన్నాయండి. ఆ గుర్రాల్లో మగది నాకేసి చూసి తోకాడించిందండి."

"గుర్రాలు తోకాడించవు నూకరాజూ."

"నాకాడించిందండి" అని ముక్కు చీదుకున్నాడు నూకరాజు.

మాటల్లోనే గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది. డిపార్టుమెంటు పెద్ద కాశీవిశ్వనాథం గారు. జరీ అంచు పంచె, పైన గళ్ళ కోటు, నుదుట విభూతి. తొట్టి దగ్గరికొచ్చి నిలబడ్డారు. కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"అయ్యయ్యో" అన్నారు. "అన్నీనా?"

"అన్నీనండి."

ఆయన తొట్టి అద్దం మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయారు. సుందరరావుకి ఆయన మీద జాలేసింది. రిటైరయ్యేలోగా ఈ ల్యాబులో సముద్రాన్ని చూపించాలని కమిటీలో అందరితో పోట్లాడి ఆ తొట్టి సాధించిందాయనే. బుధవారం యూనివర్సిటీ కమిషన్ వస్తుంది. కమిషన్ మెచ్చితే డిపార్టుమెంటుకి కొత్త కోర్సు, సుందరరావుకి పర్మనెంటు ఉద్యోగం. ఏటేటా వేసవికి తీసేసి వర్షాకాలంలో మళ్ళీ పెట్టుకునే డిమాన్‌స్ట్రేటరు బతుకు ఇక చాలని ఆయనే అన్నారు.

బూట్ల చప్పుడుతో ప్రిన్సిపాల్ సూర్యనారాయణమూర్తి గారు లోపలికొచ్చారు. తొట్టి వైపు ఒక్కసారే చూశారు.

"సుందర్రావేడీ?"

"ఇక్కడే ఉన్నానండి."

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావు నువ్వు?"

---

ప్రిన్సిపాల్ గదిలో అతన్ని కూర్చోమనలేదు.

"నీళ్ళు మురిగ్గా ఉన్నాయి, కమిషన్ ముందు పరువు పోతుంది, శుభ్రం చేయించండీ అని నిన్న మధ్యాహ్నం నేనే వచ్చి చెప్పేనా లేదా?" అన్నారు ప్రిన్సిపాల్.

"చెప్పేరండి. అది మురికి కాదండి. గోళెంలో ఇసుక కొత్తది. పాలు తోడుకున్నట్టు ఇసుక కూడా తోడుకోవాలండి. కంటికి కనపడని జీవాలు అందులో పుట్టి, చేపల మలినాన్ని అవే తింటాయి. అందుకే పాత చిన్నతొట్టిలోంచి గుప్పెడు ఇసుక తెచ్చి తోడేసేను. అది కుదురుకునేదాకా ఆ మసక ఉంటుందండి. దానంతటదే పోతుంది. మంగళవారానికి..."

"పోయింది కదా మరి! మసకా పోయింది, చేపలూ పోయేయి."

పక్కన ఫైళ్ళు పట్టుకుని నిలబడ్డ గుమాస్తా పకాలున నవ్వి, ప్రిన్సిపాల్ మొహం చూసి ఆపేశాడు.

"నిన్న సాయంత్రం సువార్త సభలకి వెళ్ళేవట."

"ఆయ్. చీకటి పడేదాకా ఇక్కడే ఉండి, పంపు చూసి, నూకరాజుకి చెప్పి వెళ్ళేనండి. మా అమ్మని తీసుకెళ్ళాలని."

"అదీ సంగతి. మీకు ప్రార్థనలంటే ఇంకేవీ కనపడవు. పంపు ఆగిపోయింది. నువ్వు లేవు. పొద్దున్నే వచ్చి నడిపించేవు."

"పంపు ఆగితే ధార ఆగాలండి గాని నీళ్ళు తేటపడవు. అసలు ఆ నీళ్ళెందుకంత తేటగా..."

"నీళ్ళు తేటగా ఉన్నాయని కంప్లయింటు చేసే మనిషిని నిన్నే చూస్తున్నానయ్యా!"

ఈసారి గుమాస్తా ధైర్యంగా నవ్వాడు. కాశీవిశ్వనాథం గారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. సుందరరావు ఆయన వైపు చూశాడు. ఇసుక తోడు సంగతి ఆయనకి ముందే వివరంగా చెప్పాడు. ఒక్క మాట ఆయన అంటే చాలు. ఆయన అనలేదు. పెద్దవాడు, దెబ్బతిని ఉన్నాడు, ఏం మాట్లాడతాడులే అనుకున్నాడు సుందరరావు.

"ఎంక్వయిరీ వెయ్యాలి" అన్నారు ప్రిన్సిపాల్. "కమిషన్ అడిగితే చూపించడానికి. కాశీవిశ్వనాథం గారూ, మీరే చెయ్యండి. మీ మాటంటే ఎవరూ కాదనరు. కెమిస్ట్రీ శారద గారు కూర్చుని రాసుకుంటారు."

"నేనాండీ?" అన్నారాయన.

"మీరు కాక ఇంకెవరు?"

వరండాలో కాశీవిశ్వనాథం గారు సుందరరావు భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఏవోయ్, నా మాట విను. పొరపాటైందని ఒక కాగితం మీద సంతకం పెట్టెయ్. పెద్ద గొడవ లేకుండా నేను చూసుకుంటాను. వచ్చే ఏడు మళ్ళీ తీసుకునేలా చేస్తాను. ఆ పూచీ నాది."

"చెయ్యని పొరపాటుకాండీ?"

"అందరం పొరపాట్లు చేస్తాం."

"చేసినవాళ్ళు పెడతారు లెండి సంతకం."

గొంతు తనదేనా అనిపించింది సుందరరావుకి. ఆయన చెయ్యి మెల్లగా తీసేసుకున్నారు. "సరే. ఆ నీళ్ళు పారబోయించి గోళెం కడిగించెయ్యమని నూకరాజుకి చెప్పేను. వాసనొస్తుంది" అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. వాన లేదు. ఎండా లేదు.

---

ఆదివారం ప్రార్థన గుడినుంచి వచ్చేసరికి తల్లి సూరమ్మ మొహం ముడుచుకుని ఉంది. కొడుకు చొక్కా విప్పుకుని నులకమంచం మీద వాలాడు.

"పంతులమ్మ అడిగింది" అంది సూరమ్మ, అటు తిరిగి గిన్నె తోముతూ. "మీవోడు కాలేజీలో చేపల్ని సంపేసేడంట కదా సూరమ్మా అని. పాటల పుస్తకం మూసి మరీ అడిగింది."

"నువ్వేమన్నావు?"

"మావోడు కోడి మెడ కూడా తిప్పలేడమ్మా, పండక్కి పక్కింటోళ్ళచేత కోయించుకుంటాం అన్నాను. అందరూ నవ్వేరు."

"నవ్వనీ."

"నవ్వితే నవ్వనీలే గాని, నమ్మేరేంట్రా?" సూరమ్మ గిన్నె ఎత్తి నేల మీద కొట్టింది. "ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, సుందర్రావు అలా సెయ్యడమ్మా అనలేదు. మనోళ్ళే! ఎవురో సెప్పేరు, ఈళ్ళు నమ్మేరు. నువ్వు డిగ్రీ సదివినప్పుడు ఇంత తొందరగా నమ్మలేదు, సర్టిపికేట్ సూపించమన్నారు!"

సుందరరావు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. బుధవారంలోగా తన పేరు ఆ ఎంక్వయిరీ కాగితంలోకి ఎక్కుతుంది. ఈ ఉద్యోగం పోవడం ఒకటే కాదు, చుట్టుపక్కల ఏ కాలేజీ మెట్లెక్కినా ఆ కాగితం తనకంటే ముందు ఎక్కుతుంది.

సూరమ్మ బిందె ముందేసుకుని కూర్చుంది. గోదావరికి వరద తగిలి కాలవల్లోకి ఎర్రనీరు దిగింది. బిందెలో నీళ్ళు ఇటికరంగులో ఉన్నాయి. ఆమె చూరులోంచి పటికబిళ్ళ తీసి, నీళ్ళలో ముంచి, మణికట్టుతో గిరగిరా తిప్పసాగింది. గాజులు బిందె మూతికి తగిలి చిన్నగా మోగుతున్నాయి.

"దాహంగా ఉందమ్మా."

"దీన్ని కదపకు, తేరనీ. పొద్దుటి బిందె అక్కడుంది, అందులో ముంచుకో. పైపైన ముంచు, అడుగు కదలకుండా."

అతను వంగాడు. పొద్దుటి బిందెలో నీళ్ళు తేటగా, అడుగున ఇత్తడి మచ్చ కూడా కనపడేలా ఉన్నాయి. అడుగంతా ఎర్రమట్టి, దాన్ని చుట్టుకుని విరిగిన పాల తరకల్లాంటి తెల్లటి తునకలు. గ్లాసు తగిలి అవి మెల్లగా లేచి, తిరిగి కూర్చున్నాయి.

గ్లాసెడు తాగాడు. చివర్న వగరు తగిలింది.

గ్లాసు బిందె మీద బోర్లించి చొక్కా కోసం చూశాడు.

"అన్నం తినవేంట్రా?"

"వచ్చి తింటానమ్మా" అంటూనే సైకిలెక్కాడు.

---

నూకరాజు బద్ధకమే అతన్ని కాపాడింది. తొట్టి నీళ్ళు కాలవలో కలిపేశాడు గాని గోళెం మాత్రం ల్యాబు వెనక షెడ్డులోకి దొర్లించి వదిలేశాడు.

"కడుగుదామనే అనుకున్నానండి. నడుం పట్టేసింది" అన్నాడు తల గోక్కుంటూ. "పెద్దసారుకి చెప్పకండి. రెండుసార్లు అడిగేరు, కడిగేవా కడిగేవా అని. కడిగేనని చెప్పేసేను."

సుందరరావు పీచు పైకెత్తాడు. కింద ఇసుక మీద మీగడలా తెల్లటి జిగురు కట్టి ఉంది. వేలితో నొక్కితే వణికింది. ఆ జిగురుతోనే గోళెం పూడుకుపోయి ధార బొట్లు బొట్లుగా పడింది. చేపల మొప్పల్లో కూడా ఇదే చేరి ఉండాలి. దాన్ని చెంచాతో తీసి ఒక సీసాలో వేశాడు. ల్యాబు మూల ఉన్న పాత చిన్నతొట్టి దగ్గరికి వెళ్ళి అక్కడి ఇసుక ఇంకో సీసాలో వేశాడు. అందులో ఇసుకచేపలు చలాకీగా తిరుగుతున్నాయి. అదే సముద్రం, అవే డ్రమ్ములు. నీటిలో దోషం లేదు.

సోమవారం మొదటి గంట కాకముందే ఆ రెండు సీసాలూ శారద బల్ల మీద పెట్టాడు.

"ఏవిటిది, ఇంటర్ పిల్లల సాల్టా?" అంది శారద. ఆమె చీర కొంగు బొడ్లో దోపి ఉంది, వేళ్ళమీద ఆసిడ్ మచ్చలు. "నాకు మార్కులెన్నేస్తారు?"

"మీరు చెప్పండి, నేను వేస్తాను."

పలచటి ఆసిడ్‌లో తెల్ల జిగురు కరిగించింది. వడగట్టింది. అమ్మోనియం క్లోరైడు వేసి, పైన అమ్మోనియా బొట్టు బొట్టుగా వదిలింది. గొట్టంలో తెల్లటి జిగురు మేఘంలా దిగింది. రెండో సీసా ఇసుకతోనూ అదే చేసింది. గొట్టం ఖాళీగానే ఉంది.

"మూడో గ్రూపు" అంది శారద. ఆమె గొంతులో హాస్యం పోయింది. "అల్యూమినియం. పటిక వేసేరా తొట్టిలో?"

"ఎవరో వేసేరు."

"బిందెకి వేసినట్టా? చేపలున్న తొట్టిలోనా? ఎవరికంత..." ఆగి, మళ్ళీ తనే అంది. "ఎవరికైనా తోచొచ్చు. మా ఇంట్లో రోజూ తిప్పుతున్నాం. నీళ్ళు బాగా లేకపోతే పటిక వెయ్యడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. ఎవరంటారు?"

"బుల్లెమ్మ అనుకుంటున్నాను" అన్నాడు సుందరరావు. "ఊడ్చేటప్పుడు చూసి, పాపం మంచికే..."

"చూసేరా?"

"లేదు."

"ఎవరైనా చెప్పేరా?"

"లేదు."

"మరి ఆవిడ పేరే ఎందుకొచ్చింది?"

అతని మొహం వేడెక్కింది. ప్రిన్సిపాల్ తనని చేసిందే తనిప్పుడు బుల్లెమ్మని చేశాడు. రుజువు లేదు, కారణం లేదు. చెయ్యి చాచితే అందే మనిషి, అంతే.

"ఎవరి పేరూ చెప్పొద్దు" అన్నాడు. "పటిక అని మాత్రం చెబుదాం."

---

మధ్యాహ్నం ఎంక్వయిరీ కాశీవిశ్వనాథం గారి గదిలో మొదలైంది. ప్రిన్సిపాల్ పక్క కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. బల్ల చివర శారద కాగితాలు సర్దుకుంది. సుందరరావు గోడవారగా నిలబడ్డాడు.

శారద ముందు పరీక్షగొట్టం స్టాండు బల్ల మీద పెట్టి, సంగతి చెప్పింది. కాశీవిశ్వనాథం గారు గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. స్టాండులో తిరిగి పెట్టబోతే అది కన్నంలో దిగలేదు. శారదే అందుకుని పెట్టింది.

"పటికైతే ఇంకా మంచిది" అన్నారు ప్రిన్సిపాల్. "నేను శుభ్రం చెయ్యమన్నాను. ఇతగాడు మసక పోవాలని పటిక వేసేడు. ఒప్పుకోడానికి భయపడ్డాడు. పూర్తి చెయ్యండి."

"మసక ఉండనివ్వమన్నది నేనేనండి" అన్నాడు సుందరరావు. "ఉంచమన్నవాణ్ణి తియ్యడానికి పటికెందుకు వేస్తాను?"

"నీ వంతొచ్చినప్పుడు మాట్లాడు."

ముందు బుల్లెమ్మ వచ్చింది. చీపురు బయట ఆనించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"మీ ఇంట్లో పటికుందా?" అని అడిగారు కాశీవిశ్వనాథం గారు.

"పటిక లేని కొంపెక్కడుంది బాబూ ఈ ఎర్రనీటి రోజుల్లో? తమరింట్లో లేదా?"

"అడిగినదానికి చెప్పు" అన్నారు ప్రిన్సిపాల్.

"చెప్పేనుగా బాబూ, ఉంది."

"తొట్టి ముట్టుకున్నావా?" కాశీవిశ్వనాథం గారు బల్ల మీంచి తలెత్తకుండానే అడిగారు.

"నాకేం పని ఆటితో! చేపంటే పులుసులోకి కొనుక్కుంటాను. పులుసుకి పనికిరాని చేపని చంపి నేనేం చేసుకుంటాను?"

శారద తలవంచుకుని నవ్వు మింగింది. బుల్లెమ్మ వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నలే సుందరరావునీ అడిగారు. ఇంట్లో పటికుంది. తొట్టి ముట్టుకున్నాడు. చీకటి పడేవేళ వెళ్ళిపోయాడు. ప్రతి జవాబుకీ ప్రిన్సిపాల్ తల పంకిస్తుంటే, అవన్నీ నేరాల్లాగే వినపడ్డాయి.

ఆఖరికి నూకరాజు వచ్చాడు. దండం పెట్టి నిలబడ్డాడు.

"సుందర్రావు వెళ్ళేక నువ్వేం చేసేవు?"

"కిటికీలేసేనండి. పంపు చూసేనండి. తలుపు తాళమేసి చెవిచ్చేసి ఇంటికెళ్ళిపోయేనండి. ఆయ్."

"సరే, నువ్వెళ్ళు."

నూకరాజు మళ్ళీ దండం పెట్టి తిరిగాడు. శారద కలం కాగితం మీద ఆగిపోయింది.

"చెవి ఇచ్చేసి అన్నాడండి" అంది ఆమె, ఇద్దరు పెద్దలకేసీ చూసి. "ఎవరికిచ్చేడో రాసుకోనా?"

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. కాశీవిశ్వనాథం గారు కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశారు. సుందరరావు గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు.

"నూకరాజూ, తాళంచెవి ఎవరికిచ్చేవు?"

నూకరాజు తెల్లబోయాడు. ఇదో ప్రశ్నా అన్నట్టు అందరి మొహాలూ చూశాడు.

"పెద్దసారికేనండి" అని కాశీవిశ్వనాథం గారికేసి తల తిప్పాడు. "ఓసారి తొట్టి చూసెళ్తాను, చెవిలా ఇచ్చి నువ్వెళ్ళరా అన్నారండి. పొద్దున్న వాళ్ళింటికెళ్ళి నేనే తెచ్చుకున్నానండి."

"ఇదెందుకు చెప్పలేదు నువ్వు?" అన్నాడు సుందరరావు.

"ఎవరడిగేరండి నన్ను?"

ప్రిన్సిపాల్ కుర్చీ జరిపి లేచారు. "శారద గారూ, అది రాయకండి. నూకరాజూ, బయటికి నడు. కాశీవిశ్వనాథం గారూ, మీరేం మాట్లాడకండి. కమిషన్ వెళ్ళేక తీరుబడిగా మనం మనం..."

"రాయమ్మా" అన్నారు కాశీవిశ్వనాథం గారు.

"మేష్టారూ!" అన్నారు ప్రిన్సిపాల్.

"మీరు కూర్చోండి మూర్తి గారూ. రాయమ్మా. శుక్రవారం సాయంత్రం చెవి తీసుకుని లోపలికెళ్ళేను. అంతకుముందు ప్రిన్సిపాల్ గారు నీళ్ళు మురిగ్గా ఉన్నాయన్న మాట నాకు మనసులో పట్టేసింది. సుందర్రావు వద్దన్నాడు, ఇసుక తోడుకోవాలన్నాడు. విన్నాను, అర్థమైంది కూడా. అయినా ఆ మసక చూస్తుంటే ఆగలేకపోయేను. మా అమ్మ పటిక తిప్పితే పొద్దుటికి బిందె అద్దంలా ఉండేది. అది నా కళ్ళలో ఉండిపోయింది. మా ఇంటికెళ్ళి బిళ్ళ తెచ్చేను. బిందెకి ఇంతైతే తొట్టికెంతో లెక్క కూడా వేసుకున్నాను. చొక్కా చెయ్యి మడిచి, అచ్చం మా అమ్మలా తిప్పేను. చేపల మొప్పలు పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి, ఆ చేత్తోనే తిప్పేను. తప్పు అదొక్కటే అయితే, చేతకాని ముసలాడని నవ్వి వదిలేద్దురు.

"పొద్దున్న తొట్టి చూడగానే నాకు తెలిసిపోయింది. నేనే అని చెప్పబోయేను. నోట్లో మాట నోట్లో ఉండగానే ప్రిన్సిపాల్ గారు సుందర్రావేడీ అన్నారు. అప్పుడు ఆగేను. చూద్దామనుకున్నాను. గుమాస్తా నవ్వేడు. ఊరు నమ్మింది. నేనొక్క అబద్ధం ఆడలేదమ్మా, అదీ రాయి. ఆడవలసిన అవసరమే రాలేదు. నేను వేలెత్తి చూపించలేదు. నా కళ్ళముందే అన్ని వేళ్ళూ వాటంతటవే ఇతని మీదికెళ్ళేయి. నేను చెయ్యవలసిందల్లా కిటికీలోంచి బయటికి చూడటమే. పైగా సంతకం పెట్టెయ్యమని భుజం మీద చెయ్యేసి చెప్పేను. గోళెం కడిగెయ్యమన్నాను. ఎంక్వయిరీ నన్నే చెయ్యమంటే కుర్చీలో కూర్చున్నాను. బుల్లెమ్మని అడిగేను, ఇతన్ని అడిగేను, నూకరాజుని అడిగేను.

"నన్ను మాత్రం అడగాలని ఈ కాలేజీలో ఎవ్వరికీ తోచలేదు. తోచదని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే ఊరుకున్నాను."